ఒకరు రాగానే మూసుకునే తలుపు

ప్రాణుల పుట్టుక వెనుక ఒక లెక్క ఉంది. తల్లి అండం ఒకటి, తండ్రి శుక్రకణం ఒకటి, రెండూ కలిస్తే ఒక బిడ్డ. ఈ లెక్క మనకు ఎంత మామూలైపోయిందంటే, ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏదో ఉందని కూడా తోచదు. కాని అండాన్ని వెదుక్కుంటూ వచ్చే శుక్రకణాలు ఒకటీ రెండూ కావు. మనుషులలో ఒకేసారి బయలుదేరేవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. దారిలో దాదాపు అన్నీ రాలిపోయి, అండం ఉన్న చోటికి ఏ కొన్ని వందలో చేరుతాయి. సముద్రపు నీటిలోకి గుడ్లు వదిలే జీవుల సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడ ఒక్కొక్క గుడ్డు చుట్టూ శుక్రకణాలు తేనెతుట్టె మీద ఈగల్లా మూగుతాయి. అంతమంది గుమ్మం దగ్గర నిలబడితే లోపలికి వెళ్లేది మాత్రం ఒక్కరే ఎలా అవుతున్నారు? రెండవవారిని ఆపుతున్నది ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లకు పైగా పట్టింది. ఆ పనిలో పెద్ద భాగం మనం ఇల్లు కట్టుకున్న ఈ అమెరికాలోనే జరిగింది. అందులో ముఖ్యమైన మాట చెప్పిన మనిషికి ఈ దేశం తగిన చోటు ఇవ్వలేదు. ఆ కథ మన పిల్లలకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పాటలూ పద్యాలూ నాట్యం ఫొటోలూ ఉండే ఈ సంచికలో ఇటువంటి విషయం ఏమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. నేను జీవితమంతా బడిలో పాఠాలు చెప్పుకుని బతికిన మనిషిని. మా కుటుంబం సముద్రం దాటాక పుట్టిన మూడవ తరం. నా తెలుగు సాయంకాలపు తరగతుల్లో కూర్చుని నేర్చుకున్న తెలుగు. కాబట్టి పండితులు రాసేటట్లు రాయలేను, నాకు తెలిసిన విషయాన్ని నాకు వచ్చిన మాటల్లో చెబుతాను. పదిహేనేళ్ల పిల్లలకు బడిలో ఇంగ్లీషులో ఎలాగూ చెప్పే సంగతే ఇది. మన భాషలో చెబితే తప్పేమీ లేదని నా నమ్మకం.

ముందుగా, రెండవ శుక్రకణం లోపలికి వస్తే వచ్చే నష్టం ఏమిటో చూద్దాం. ఎక్కువ మంది వస్తే ఎక్కువ బలం కదా అని ఒక పిల్లవాడు నన్ను తరగతిలో అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు 1902 ప్రాంతంలో జర్మనీ శాస్త్రజ్ఞుడు థియోడోర్ బోవెరి ఇచ్చాడు. సీ అర్చిన్ అని సముద్రంలో ఒక జీవి ఉంది. గుండ్రని పెంకు, దాని నిండా ముళ్లు. చూస్తే ముళ్లతో ఉన్న ఉమ్మెత్తకాయ గుర్తుకు వస్తుంది. దాని గుడ్డు మిల్లీమీటరులో పదవ వంతు కూడా ఉండదు, అయినా అద్దంలా ఉంటుంది, లోపల జరిగేది సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. బోవెరి కావాలని ఎక్కువ శుక్రకణాలను కలిపి, ఒక్కొక్క గుడ్డులోకి రెండేసి వెళ్లేటట్లు చేశాడు. మామూలుగా ఒక కణం రెండుగా చీలుతుంది. ఈ గుడ్లు ఒక్కసారే మూడుగానో నాలుగుగానో చీలాయి. కణం చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగే కేంద్రాన్ని శుక్రకణమే తెస్తుంది. ఇద్దరు వస్తే లాగేవాళ్లు ఎక్కువైపోతారు. ఆస్తి పంపకానికి ఇద్దరు కూర్చోవలసిన చోట నలుగురు కూర్చున్నట్లు, క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంచబడతాయి. ఒక కణానికి కావలసిన దానికంటే ఎక్కువ, మరొకదానికి అసలు లేకపోవడం. ఆ పిండాలు దాదాపు అన్నీ చెడిపోయాయి. జీవికి ఒక్కొక్క క్రోమోజోముకూ వేరు వేరు పని ఉందనే గొప్ప సత్యం బోవెరికి ఈ చెడిపోయిన పిండాలలోనే దొరికింది. ఆయన భార్య మార్సెల్లా ఓగ్రేడీ అమెరికన్, 1885లో ఎం.ఐ.టి. నుంచి జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, వాసర్ కళాశాలలో ఆచార్యురాలిగా పనిచేసిన విదుషి. ఈ ప్రయోగాలలో ఆమె చెయ్యి ఉంది. ఆ సంగతి చాలా పుస్తకాలలో కనిపించదు.

అంటే తలుపు మూసుకోవడం అండానికి ప్రాణావసరం. ఆ తలుపు మూసుకోవడాన్ని మొదట కళ్లారా చూసినవాడు స్విట్జర్లండు దేశస్థుడు హెర్మన్ ఫోల్. అంతకు ముందు 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ సీ అర్చిన్ గుడ్డులో తల్లి కేంద్రకం, తండ్రి కేంద్రకం రెండూ కలుసుకోవడం గురించి రాశాడు. కాని శుక్రకణం లోపలికి వెళ్లే క్షణం ఆయనకు చిక్కలేదు. ఫోల్ 1877లో ఇటలీలోని మెస్సీనా తీరంలో నక్షత్రపు చేప గుడ్లను చూస్తూ కూర్చుని ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. శుక్రకణం దగ్గరకు రాగానే అండం పైభాగం చిన్న శంకువులా లేచి దానికి ఎదురు వెళ్లింది. తరువాత గుడ్డు చుట్టూ ఒక పొర ఉబ్బి లేచింది, మిగిలినవన్నీ ఆ పొర బయటే ఉండిపోయాయి. ఇదంతా ఆయన బొమ్మలతో సహా 1879లో ప్రచురించాడు. పాపం, 1892లో సొంత నావ మీద సముద్రంలోకి వెళ్లిన ఫోల్ మళ్లీ తిరిగి రాలేదు.

ఐరోపాలో మొదలైన ఈ పని ఆ తరువాత అట్లాంటిక్ దాటింది. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ మొదట్లో వుడ్స్‌హోల్ అనే చిన్న రేవు ఉంది. అక్కడ 1888లో సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయం స్థాపించారు. వేసవి రాగానే దేశం నలుమూలల నుంచి ఆచార్యులు, విద్యార్థులు పెట్టెలు సర్దుకుని అక్కడికి చేరేవారు. మన వైపు వేసవిలో పిల్లలు అమ్మమ్మ గారి ఊరు చేరినట్లు. కావలసినన్ని సీ అర్చిన్‌లు, శాండ్ డాలర్ అనే బల్లపరుపు జీవులు అక్కడి నీటిలో దొరికేవి. 1899లో జాక్ లోబ్ అక్కడే ఒక సంచలనం చేశాడు. శుక్రకణం అసలే లేకుండా, నీటిలో లవణాలు మార్చి సీ అర్చిన్ గుడ్డును ఎదిగేటట్లు చేశాడు. అండం ఒక రసాయన యంత్రం, మీట నొక్కితే చాలు నడుస్తుంది అన్నది ఆయన ధోరణి.

ఆ వుడ్స్‌హోల్‌కు 1909 వేసవిలో వాషింగ్టన్ నుంచి ఒక ఇరవై ఆరేళ్ల యువకుడు వచ్చాడు. పేరు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. నల్లజాతివాడు. 1883 ఆగస్టు 14న దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో పుట్టాడు. నాలుగేళ్ల వయస్సులోనే తండ్రి పోయాడు. తల్లి మేరీ బడిపంతులమ్మ. జేమ్స్ ద్వీపంలో నల్లజాతివారి కోసం బడి నడిపి, చుట్టుపక్కల వారిని కూడగట్టి ఒక పల్లెనే నిలబెట్టింది. ఆ పల్లెకు ఆమె పేరు మీదనే మేరీవిల్ అని పేరు వచ్చింది. (బడి నడిపిన తల్లులను గురించి చదివినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. పాఠకులు మన్నించాలి.) కొడుకు ఉత్తరాదికి వచ్చి న్యూ హాంప్‌షైర్‌లో చదివి 1907లో డార్ట్‌మత్ కళాశాలలో ఉన్నత శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు. అంత చదువు చదివిన నల్లజాతివాడికి ఆ రోజుల్లో తెల్లవారి విశ్వవిద్యాలయాలలో ఉద్యోగం ఇచ్చేవారు లేరు. వాషింగ్టన్‌లో నల్లజాతివారి కోసం ఏర్పడిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, మొదట ఇంగ్లీషు చెప్పి, తరువాత జీవశాస్త్రానికి మారాడు.

వుడ్స్‌హోల్‌లో ఆయన గురువు ఫ్రాంక్ లిల్లీ. అప్పటి నుంచి సుమారు ఇరవై వేసవులు జస్ట్ అక్కడ గడిపాడు. ఏడాదంతా హోవర్డ్‌లో పాఠాలు, వేసవిలో అండాలు. లిల్లీ వద్దనే 1916లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు వచ్చింది. దానికి ఏడాది ముందు, 1915లో, నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. మొట్టమొదటి స్పింగార్న్ పతకాన్ని ఆయనకే ఇచ్చింది.

జస్ట్ పనితనం గురించి కొంచెం చెప్పాలి. సముద్రజీవుల గుడ్లు మహా సుకుమారమైనవి. నీరు కాస్త వేడెక్కినా, గాజుపాత్రలో మరక మిగిలినా అవి చెడిపోతాయి. చెడిన గుడ్డును పరీక్షించి, మంచి గుడ్డు ఇలా ప్రవర్తిస్తుందని రాసేవాళ్లు అప్పట్లో తక్కువేమీ కాదు. జస్ట్ అలా కాదు. వంటింట్లో మడికట్టుకున్న పెద్దావిడ గిన్నెలను చూసుకున్నట్లు ఆయన గాజుపాత్రలను చూసుకునేవాడు. ఏ గుడ్డు మామూలుది, ఏది పాడైనది అన్నది కంటితో చెప్పగల అనుభవం సంపాదించాడు. ఇతర పరిశోధకులు తమ ప్రయోగాలు సరిగా రానప్పుడు ఆయన దగ్గరకే సలహాకు వచ్చేవారు.

1919లో ఆయన శాండ్ డాలర్ గుడ్ల మీద తన పరిశీలనలు ప్రచురించాడు. శుక్రకణం అంటుకున్న చోటనే పొర లేవడం మొదలవుతుంది, అక్కడ నుంచి గుడ్డు చుట్టూ పాకుతుంది. ఇది ఫోల్ కాలం నుంచీ కొంత తెలిసిన సంగతే. జస్ట్ చూసింది దానికి ముందటి సంగతి. పొర లేవక ముందే, అదే చోటి నుంచి, కంటికి సరిగా చిక్కని ఒక మార్పు అలలాగా గుడ్డు పైతలం అంతటా వ్యాపిస్తుంది. ఆ అల దాటిన మేర గుడ్డు ఇక మరో శుక్రకణాన్ని స్వీకరించదు. అంటే కళ్లకు కనిపించే పొర వెనుక వచ్చే గడియ మాత్రమే. తలుపు అంతకు ముందే మూసుకుంది. ఆ మూసింది ఎవరో బయటివారు కాదు, శుక్రకణమూ కాదు. అండం తానే మూసుకుంది.

ఈ మాట ఎంత కొత్తదో ఇప్పుడు మనకు తెలియదు. అప్పటి పుస్తకాలలో శుక్రకణం వీరుడు, అండం అతని కోసం కాచుకుని కూర్చున్న రాకుమారి. మన కథలలో దమయంతి స్వయంవరం గుర్తు చేసుకోండి. నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి వరుసలో నిలబడితే, అసలు నలుడిని ఆమె తానే పోల్చుకుని దండ వేసింది. అండాన్ని జస్ట్ ఆ దమయంతిలా చూశాడని నాకు అనిపిస్తుంది. కణానికి కేంద్రకమే సర్వస్వం అని అందరూ అంటున్న రోజుల్లో, కణం పైతలం కూడా జీవమున్నదే, బయటి ప్రపంచంతో మాట్లాడేది అదే అని ఆయన పట్టుపట్టాడు. ఆ వాదాన్ని 1939లో కణం పైతలం జీవశాస్త్రం మీద పెద్ద పుస్తకంగా రాశాడు. అందులో వంశపారంపర్యం గురించి ఆయన చెప్పినవి కొన్ని తరువాత నిలవలేదు. పైతలం గురించి చెప్పినవి నిలిచాయి.

ఇంత చేసినా ఆయనకు ఈ దేశంలో పెద్ద పరిశోధనాలయం ఏదీ దక్కలేదు. ఎప్పటికప్పుడు ధర్మసంస్థల విరాళాలు అడుక్కుంటూ పని సాగించవలసి వచ్చింది. 1929లో మొదటిసారి ఇటలీలోని నేపుల్స్ పరిశోధనాలయానికి వెళ్లాడు. మరుసటి ఏడు బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ సంస్థ వారు ఆహ్వానించారు. అక్కడ ఆయనను ముందు శాస్త్రజ్ఞుడిగా చూశారు. 1930 తరువాత ఆయన వుడ్స్‌హోల్‌కు పరిశోధనకు రాలేదు. ఐరోపాలోనే ఎక్కువగా ఉన్నాడు. ఆ ఐరోపా కూడా నాజీల పాలైంది. 1940లో ఫ్రాన్సులోని రోస్కాఫ్ తీరంలో పనిచేస్తుండగా జర్మన్ సైన్యం వచ్చి కొంతకాలం నిర్బంధించింది. విడుదలై అమెరికాకు తిరిగి వచ్చి, 1941 అక్టోబరు 27న క్యాన్సరుతో వాషింగ్టన్‌లో మరణించాడు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు.

ఇది చదువుతుంటే తెలుగువారికి మరొక పేరు గుర్తుకు రాక తప్పదు. అవే రోజుల్లో, వుడ్స్‌హోల్‌కు ఎంతో దూరం లేని బోస్టన్‌లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్యకళాశాలలో పనిచేస్తున్నారు. జస్ట్‌కూ ఆయనకూ పరిచయం ఉందని నేను అనడం లేదు. కాని వారిద్దరి పని ఒక చోట కలుస్తుంది. 1929లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి కండరాలలో ఎ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సమయంలో దాన్ని కనుగొన్నాడు. కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం అదే. శుక్రకణం తోక ఆడించుకుంటూ అండం దాకా ఈదేది కూడా ఆ ఎ.టి.పి. ఖర్చు పెట్టుకునే. హార్వర్డ్ సుబ్బారావు గారికి శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్లిపోయారు. 1923 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత భారతీయులకు ఈ దేశపు పౌరసత్వానికి దారి మూసుకుపోయింది. 1946లో చట్టం వచ్చేదాకా అది తెరుచుకోలేదు. ఈనాడు మన పిల్లలు ఇక్కడ పుట్టి ఇక్కడి పౌరులుగా పెరుగుతున్నారు కనుక ఆ సంవత్సరాలు చెప్పడం అవసరం అనుకున్నాను. భారత తపాలాశాఖ 1995లో సుబ్బారావు గారి బిళ్ల విడుదల చేసింది. అమెరికా తపాలాశాఖ 1996లో జస్ట్ బిళ్ల విడుదల చేసింది. లెడర్లీ దగ్గరకు మళ్లీ వస్తాను, అక్కడ మరో ముడి ఉంది.

ఇక జస్ట్ చెప్పిన ఆ కనిపించని అల సంగతి. పొర పూర్తిగా లేవడానికి సీ అర్చిన్‌లో సుమారు ఒక నిమిషం పడుతుంది. ఒక నిమిషంలో ఎన్ని శుక్రకణాలు ఢీకొంటాయో లెక్క వేస్తే, అంతకంటే చాలా త్వరగా పనిచేసే అడ్డు ఏదో ఉండి తీరాలి. 1950ల ఆరంభంలో ఇంగ్లండులో రాత్‌చైల్డ్, స్వాన్ అనే ఇద్దరు ఈ లెక్కలు వేసి, అడ్డు రెండు దశలలో పడుతుందని వాదించారు. మొదటిది సెకన్లలో పడేది, పూర్తిగా గట్టిది కాదు. రెండవది నెమ్మదిగా పడేది, గట్టిది. మొదటిది ఏమిటో వారికి తేలలేదు. అది తేల్చింది కాలిఫోర్నియాలో లారిండా జాఫీ అనే యువతి. 1976లో ఆమె సీ అర్చిన్ గుడ్డులోకి సన్నని ఎలెక్ట్రోడును గుచ్చి విద్యుత్తును కొలిచింది. మామూలుగా అండం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు ఋణంగా ఉంటుంది. మొదటి శుక్రకణం తగలగానే సోడియం లోపలికి దూకి, ఒకటి రెండు సెకన్లలో అది ధనంగా మారుతుంది. ధనంగా ఉన్నంతసేపు మరో శుక్రకణం కలవలేదు. ఆమె అంతటితో ఆగలేదు. అసలు శుక్రకణమే తగలని గుడ్డుకు బయటి నుంచి విద్యుత్తు ఇచ్చి ధనంగా ఉంచింది. ఒక్క శుక్రకణం కూడా లోపలికి పోలేదు. విద్యుత్తు తీసేయగానే వెళ్లింది. ఇంత తేటగా ఉండే ప్రయోగం తరగతిలో చెప్పుకోవడానికి అరుదుగా దొరుకుతుంది.

విద్యుత్ అడ్డు ఒక నిమిషం మాత్రం నిలుస్తుంది. ఈలోగా అండం గట్టి గోడ కట్టుకోవాలి. అందుకు సామాను ముందుగానే సిద్ధంగా ఉంటుంది. సీ అర్చిన్ అండం పైతలానికి సరిగ్గా అడుగున సుమారు పదిహేను వేల చిన్న చిన్న సంచులు వరుసగా అంటుకుని ఉంటాయి. శుక్రకణం కలిసిన చోట కణంలోని కాల్షియం ఒక్కసారి విడుదలై, ఆ చివర నుంచి ఈ చివరకు పాకుతుంది. ఆ కాల్షియం తగిలిన సంచులన్నీ బయటికి పగులుతాయి. వాటిలోని ఎంజైములు కొన్ని పైపొరను అండానికి అంటిపెట్టుకున్న పోగులను కత్తిరిస్తాయి. అంటుకుని ఉన్న ఇతర శుక్రకణాలు ఊడిపోతాయి. మరికొన్ని పదార్థాలు నీటిని పీల్చి, అటుకులు నానినట్లు ఉబ్బి, పొరను పైకి నెడతాయి. ఆ తరువాత పొరను గట్టి పరచాలి. అందుకు అండం హైడ్రోజన్ పెరాక్సైడును తయారుచేసుకుంటుంది. మన ఇళ్లలో గాయాలకు పూసే సీసాలోని మందే. 1908లో ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్, ఫలదీకరణం కాగానే సీ అర్చిన్ గుడ్డు ప్రాణవాయువును ఎన్నో రెట్లు ఎక్కువగా పీలుస్తుందని గమనించాడు. ఎందుకు పీలుస్తోందో డెబ్భై ఏళ్లు అంతుబట్టలేదు. 1970ల చివర సియాటిల్‌లో బెన్నెట్ షపీరో బృందం ఆ ప్రాణవాయువులో పెద్ద భాగం ఈ పెరాక్సైడుకే పోతోందని చూపించింది. దానితో పొరలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి.

కాల్షియం అలను కంటితో చూసిన కథ కూడా ఇక్కడిదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫ్రైడే హార్బర్ దగ్గర పట్టిన జెల్లీ చేపల నుంచి 1960ల మొదట్లో ఒసాము షిమొమురా ఎక్వోరిన్ అనే పదార్థాన్ని తీశాడు. కాల్షియం తగిలితే అది వెలుగుతుంది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. 1977లో రిడ్జ్‌వే, గిల్కీ, లయొనెల్ జాఫీ అనే ముగ్గురు దానిని మెడాకా అనే చిన్న జపాను చేప గుడ్డులోకి ఎక్కించి చీకట్లో చూశారు. శుక్రకణం ప్రవేశించిన చోట మొదలై, వెలుగు పట్టీ ఒకటి గుడ్డును దాటుకుంటూ పోయింది. జస్ట్ చెప్పిన అల సరిగ్గా ఇదేనని నేను అనను. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని, గాజుపలక, ఓర్పు తప్ప మరేమీ లేవు. కాని శుక్రకణం తగిలిన చోట మొదలై అండమంతా చుట్టే మార్పు ఒకటి ఉందని ఆయన చెప్పి అప్పటికి 58 ఏళ్లు అయింది.

అన్ని ప్రాణులూ ఇలాగే చేస్తాయని అనుకోకూడదు. మనం వండుకునే కోడిగుడ్డు సంగతే చూడండి. పక్షులలో పెద్ద అండంలోకి చాలా శుక్రకణాలు వెళ్తాయి. ఒక్కదాని కేంద్రకం మాత్రమే తల్లి కేంద్రకంతో కలుస్తుంది, మిగిలినవి లోపలే కరిగిపోతాయి. అక్కడ తలుపు తెరిచే ఉంటుంది, పీట మీద మాత్రం ఒకడే కూర్చుంటాడు. బెరోయి అనే సముద్రజీవిలో ఇంకా వింత. లోపలికి వచ్చిన శుక్రకణాలలో ఒకదాని దగ్గరకు తల్లి కేంద్రకం ప్రయాణం చేసి వెళ్లి, కాసేపు ఆగి, నచ్చకపోతే మరొకదాని దగ్గరకు పోతుంది. ఈ సంగతి 1984లో ఫ్రాన్సులో చూశారు. పెళ్లిచూపులు అంటే ఇవి.

ఇక మన దగ్గరకు వద్దాం. మనుషులు, ఎలుకలు మొదలైన పాలిచ్చే జీవుల అండాలలో ఆ వేగమైన విద్యుత్ అడ్డు లేదు. అండం దాకా చేరే శుక్రకణాలు తక్కువ కనుక అంత తొందర అవసరం లేదేమో. అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే పారదర్శకమైన మందపాటి కోటగోడ ఉంది. శుక్రకణం లోపలికి రాగానే ఇక్కడా కాల్షియం లేస్తుంది, సంచులు పగులుతాయి. వాటిలో నుంచి వచ్చిన ఓవాస్టాసిన్ అనే ఎంజైము, గోడలో శుక్రకణాలు పట్టుకునే మాంసకృత్తును కత్తిరిస్తుంది. ఇది బెతెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో జురియన్ డీన్ బృందం 2012లో తేల్చింది. దానికి ఏడాది ముందు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో టెరిసా వుడ్రఫ్, థామస్ ఒహాలరన్ మరో సంగతి చూశారు. అండం మేల్కొన్నప్పుడు కోట్లాది జింకు అణువులను ఒక్కసారి బయటికి చిమ్ముతుంది. రంగు కలిపి చూస్తే దీపావళి చిచ్చుబుడ్డిలా మెరుస్తుంది. ఆ జింకు కూడా గోడను గట్టిపరుస్తుందని తేలింది.

గోడ దాటి వచ్చినవాడికి అండం పైతలం మీద ఇంకో గుమ్మం ఉంది. శుక్రకణం మీద ఇజుమో అనే మాంసకృత్తు ఉంటుంది. జపానులో 2005లో కనుగొన్నారు, పెళ్లిళ్లకు పేరుపడ్డ ఒక దేవాలయం పేరు పెట్టారు. దానిని అందుకునే చెయ్యి అండం మీద ఏది అన్నది తొమ్మిదేళ్లు తెలియలేదు. 2014లో ఇంగ్లండులో ఎన్రికా బియాంకి, గావిన్ రైట్ దానిని పట్టుకుని, రోమనుల వివాహదేవత పేరున జూనో అన్నారు. మొదటి శుక్రకణం కలిసిన ముప్పై నలభై నిమిషాలలో అండం తన మీది జూనో అంతటినీ రాల్చేస్తుంది. ఇక తరువాత వచ్చినవాడికి పట్టుకోవడానికి గుమ్మమే ఉండదు.

ఇక్కడే లెడర్లీ ముడి. జూనోకు ఆ పేరు పెట్టకముందు ఉన్న పేరు నాలుగవ ఫోలేటు గ్రాహకం. ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే మాంసకృత్తుల కుటుంబంలో అది పుట్టింది కనుక ఆ పేరు పెట్టారు. తీరా చూస్తే అది ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోదు. పాత వంశంలో పుట్టి కొత్త వృత్తి చేపట్టినట్లు, శుక్రకణాన్ని పట్టుకునే పనికి మారింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో మొదట కృత్రిమంగా తయారు చేసింది లెడర్లీలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం. ఈనాడు మన ఇళ్లలో కోడళ్లు, కూతుళ్లు గర్భం దాల్చకముందు నుంచే డాక్టరు చెప్పి మింగించే మాత్ర అదే.

ఇన్ని తలుపులు ఉన్నా ఒక్కొక్కప్పుడు రెండవవాడు దూరుతూనే ఉంటాడు. అప్పుడు బిడ్డకు 46 క్రోమోజోములకు బదులు 69 వస్తాయి. అటువంటి గర్భాలు దాదాపు అన్నీ తొలి నెలలలోనే పోతాయి. కొన్నిట్లో పిండం సరిగా ఎదగక మావి మాత్రం బుడగలుగా పెరిగిపోతుంది. గర్భం నిలవనప్పుడు మన వాళ్లు ఆ అమ్మాయి ఏదో బరువు ఎత్తిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో అనడం నేను ఈ దేశంలో కూడా విన్నాను. తొలి నెలలలో పోయే గర్భాలలో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పినవే. రెండు శుక్రకణాలు దూరడం అందులో ఒక కారణం. ఆ సంగతి ఆ అమ్మాయి కంటికి కనిపించేది కాదు, ఆమె చేతిలో ఉన్నదీ కాదు. ఈ వ్యాసం చదివిన అత్తలూ అమ్మలూ ఈ ఒక్క పేరా గుర్తు పెట్టుకుంటే నాకు చాలు.

అమెరికాలో మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు 1981 డిసెంబరు 28న వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో పుట్టింది. అటువంటి చికిత్సలో పళ్లెంలో అండం చుట్టూ వేల శుక్రకణాలను వదులుతారు, దారిలో రాలిపోవడం ఉండదు కనుక రెండు దూరే ప్రమాదం ఎక్కువ. 1992 నుంచి సన్నని సూదితో ఒక్క శుక్రకణాన్నే ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది, అక్కడ తలుపుతో పనే లేదు. ఏ పద్ధతిలోనైనా, మర్నాడు పొద్దున్న ప్రయోగశాలలో మొదట చేసే పని ఒకటే. పదహారు, పద్ధెనిమిది గంటలు గడిచాక అండాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి లోపల కేంద్రకాలను లెక్కపెడతారు. రెండు ఉంటే తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. మూడు కనిపిస్తే ఆ అండాన్ని పక్కన పెట్టి, తరువాతి దానిని చూస్తారు.